పైగా నవాబుల సమాధుల్లాంటి సమాధి మందిరం కట్టి, పొలం మొత్తం దాని పేర రాయొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో మాకు నాలుగెకరాల పొలం ఉంది, నాన్నగారి స్వార్జితం. సంతోష్‌నగర్ దగ్గర పైగా నవాబుల సమాధులు చూసొచ్చినప్పటి నుంచి తనకూ అమ్మకూ అలాంటి పాలరాతి జాలీల (చిల్లుల నగిషీ తెరల) మందిరం కావాలంటున్నారు. ఆ పొలం ఎవరూ ఎప్పటికీ అమ్మకుండా, కౌలు డబ్బుతో అక్కడ నిత్యపూజ, మరమ్మతులు జరిగేలా వీలునామా రాస్తారట. చెల్లుతుందా?

జవాబు: మందిరం కట్టుకోవచ్చు, కానీ పొలాన్ని శాశ్వతంగా దానికి ముడిపెట్టడం చెల్లదు. సరిగ్గా ఇలాంటి కేసే 1953లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది, సరస్వతి అమ్మాళ్, రాజగోపాల్ అమ్మాళ్ కేసు. ఒకావిడ భర్త సమాధి దగ్గర పూజల కోసం ఆస్తి రాసిపెడితే, మామూలు మనిషి సమాధికి పూజ చేయడం హిందూ ధర్మశాస్త్రం గుర్తించే ధార్మిక కార్యం కాదు, దానికోసం ఆస్తిని శాశ్వతంగా అంకితం చేయడం కుదరదు అని కోర్టు తేల్చేసింది. జనం మహాత్ముడిగా కొలిచే వ్యక్తి సమాధి అయితే లెక్క వేరు, నాన్నగారు ఏమీ అనుకోనంటే ఆయన ఆ కోవలోకి రారు. రేపు మీ తోబుట్టువుల్లో ఒకరు కోర్టుకెళితే ఆ ఏర్పాటు కాస్తా పడిపోయి పొలం వారసుల వాటాల్లోకి వచ్చేస్తుంది.

చట్టం సంగతి అలా ఉంచినా, ఇలాంటి కట్టడాన్ని నిలబెట్టుకోవడమూ కష్టమే. నిజాం కుటుంబంతో వియ్యమందిన పైగాల సమాధులే దశాబ్దాల పాటు ఆలనాపాలనా లేక గచ్చుపని రాలి, జాలీలు విరిగి ఉండేవి. సున్నపు గచ్చు మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి పెచ్చులూడుతుంది, అందుకే మరమ్మతుకు ఆ పని తెలిసినవాళ్లే కావాలి, ఖర్చూ ఎక్కువే.

నేనైతే ఇలా చేయమంటాను. మందిరం నిలిచే కొద్ది సెంట్లు విడిగా హద్దులు వేయించి, రోడ్డు నుంచి అక్కడికి దారితో సహా పిల్లలందరికీ ఉమ్మడిగా రాయించండి. మిగతా పొలంలో కొంత ఆయన పేరుతో బడికో ఆస్పత్రికో ట్రస్టుగా ఇస్తే అది నిలుస్తుంది. మందిరం మరమ్మతుల డబ్బు మాత్రం అందులోంచి తీయకూడదు, అది మీరందరూ వేసుకోవాల్సిందే.

ఇక అనుమతులు. సొంత పొలమైనా సరే, అక్కడ ఖననానికి పంచాయతీ లేదా మున్సిపాలిటీ అనుమతి కావాలి, నిర్మాణానికి ముందు ఆ స్థలాన్ని 2006 నాటి వ్యవసాయ భూమి మార్పిడి చట్టం కింద వ్యవసాయేతర భూమిగా మార్పించాలి. నాన్నగారు ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఈ రెండూ తెచ్చి పెట్టుకోండి, ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే టెన్షన్ ఉండదు.