అమ్మాయికి ఫ్రిస్బీలో అవార్డు వచ్చింది సరే, మరి ఉద్యోగం సంగతి?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. అమ్మాయి నార్త్ కరొలైనాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో బీఎస్ కంప్యూటర్ సైన్స్, మూడో ఏడాదిలోకి వస్తోంది. ఎడ్యుకేషన్ లోన్ మీద పంపాం. మొదట్లో సరదాగా మొదలుపెట్టిన అల్టిమేట్ ఫ్రిస్బీ ఇప్పుడు వారంలో మూడు సాయంత్రాలు, నెలలో రెండు వీకెండ్లు తినేస్తోంది. జీపీఏ 3.7 నుంచి 3.3కి దిగింది. మొన్న ఆల్-రీజియన్ సెకండ్ టీమ్‌లో పేరొచ్చిందని, వచ్చే ఏడాది కెప్టెన్‌ని చేశారని ఫోన్‌లో ఒకటే సంబరం. చదువయ్యాక కోచింగ్ చేస్తానంటోంది. ఇక్కడ ఈ ఆట పేరు చెబితేనే చుట్టాలు నవ్వుతున్నారు. గట్టిగా మానెయ్యమని చెప్పాలా?

జవాబు: చెప్పకండి సార్. మీరు చెప్పినంత మాత్రాన ఆట మానదు, మీకు చెప్పడం మానేస్తుంది. అంతదూరంలో ఉన్న పిల్లతో అది ఇంకా ప్రమాదం. మీ కంగారులో సగం న్యాయమే, దాని దగ్గరికి వస్తాను. మిగతా సగం మాత్రం ఆట పేరు విని పుట్టిన కంగారు, ముందు అది తీసేద్దాం.

చుట్టాలు నవ్వుతున్నది బీచ్‌లో పిల్లలు విసురుకునే ప్లాస్టిక్ పళ్ళేన్ని తలుచుకుని. మీ అమ్మాయి ఆడేది అది కాదు. జట్టుకు ఏడుగురు, 175 గ్రాముల డిస్క్, చేతిలో డిస్క్ ఉన్నప్పుడు పరుగెత్తకూడదు, పది లెక్కపెట్టేలోపు విసిరేయాలి, అవతలి చివర ఎండ్ జోన్‌లో మనవాళ్ళు పట్టుకుంటే పాయింట్. 1968లో న్యూజెర్సీలోని మేపుల్‌వుడ్‌లో హైస్కూల్ పిల్లలు కనిపెట్టారు. కాలేజీల మధ్య మొదటి మ్యాచ్ 1972 నవంబర్ 6న రట్గర్స్‌కీ ప్రిన్స్‌టన్‌కీ జరిగితే రట్గర్స్ 29-27తో గెలిచింది. మీ చుట్టాల్లో ఎడిసన్‌లో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే రట్గర్స్ వాళ్ళ పక్క ఊరే, నవ్వే ముందు ఒకసారి గుర్తు చేయండి.

ఇక ఆ అవార్డు. అమెరికాలో కాలేజీ అల్టిమేట్‌ని నడిపేది యూఎస్ఏ అల్టిమేట్ అనే సంస్థ. అక్కడి కాలేజీ క్రీడలని నడిపే పెద్ద సంస్థ ఎన్‌సీఏఏ కిందికి ఈ ఆట రాదు, దాదాపు అన్నిచోట్లా క్లబ్ స్పోర్ట్ కిందే ఉంటుంది, అంటే స్టేడియం, టీవీ, పెద్ద స్కాలర్‌షిప్పులు ఏమీ ఉండవు. ఇందులో అన్నిటికన్నా పై స్థాయి డివిజన్‌ని పది రీజియన్లుగా విడదీశారు. సీజన్ చివర్లో ప్రతి రీజియన్‌లో ప్లేయర్ ఆఫ్ ది ఇయర్, ఫ్రెష్‌మన్ ఆఫ్ ది ఇయర్, కోచ్ ఆఫ్ ది ఇయర్, వీళ్ళతో పాటు ఫస్ట్ టీమ్, సెకండ్ టీమ్ అని ప్రకటిస్తారు. మీరు గమనించాల్సింది ఏంటంటే ఈ ఓట్లు వేసేది ఆ రీజియన్‌లో ఆడే జట్లే, అంటే మీ అమ్మాయి మీద ఆడి, ఆమె వెనక పరుగెత్తి, ఆమెతో ఫౌల్ గురించి వాదించినవాళ్ళు. పైగా మీవాళ్ళది అట్లాంటిక్ కోస్ట్ రీజియన్. చాపెల్ హిల్‌లోని యూఎన్‌సీ ఆ రీజియన్‌దే, 2021, 2022, 2023లో వరసగా మూడేళ్ళు మగవాళ్ళ నేషనల్ టైటిల్, ఆడవాళ్ళ నేషనల్ టైటిల్ రెండూ తన్నుకుపోయిన యూనివర్సిటీ అది. అలాంటివాళ్ళున్న చోట సెకండ్ టీమ్‌లో పేరు రావడం చిన్న విషయం కాదు, కాబట్టి ముందు ఒక ఫోన్ చేసి శభాష్ అనండి. జీపీఏ మాట ఆ ఫోన్‌లో ఎత్తకండి, దానికి ఇంకో రోజు ఉంది.

అంత గొప్ప అవార్డుకి ఉద్యోగం వస్తుందా అంటే, రాదు. రెజ్యూమే చూసే రిక్రూటర్‌కి ఆల్-రీజియన్ అంటే ఏంటో తెలియదు, తెలుసుకునే తీరిక కూడా ఉండదు. దేశం మొత్తంలో ఏటా ఒక అబ్బాయికీ ఒక అమ్మాయికీ ఇచ్చే కలహాన్ అవార్డు ఉంది, ఓరెగాన్ యూనివర్సిటీ ఆటగాడు హెన్రీ కలహాన్ పేరు మీద పెట్టింది, ఆటతో పాటు నాయకత్వం, మైదానంలో నడవడిక కూడా చూసి ఇస్తారు. మనవాళ్ళు సీటు కోసం తపించే జార్జియా టెక్‌లో ఆడిన నిక్ లాన్స్‌కి కూడా వచ్చింది. ఆ అవార్డుని కూడా ఒక వాక్యంలో విడమర్చి చెబితేనే బయటివాళ్ళకి అర్థమవుతుంది.

అసలు సరుకు కెప్టెన్సీలో ఉంది. క్లబ్ జట్టు కెప్టెన్ అంటే టాస్ వేసే మనిషి అనుకునేరు. స్టూడెంట్ గవర్నమెంట్ ముందు బడ్జెట్ పెట్టి డబ్బు తెచ్చుకోవాలి, టోర్నమెంట్లకి అప్లై చేసి ఫీజులు కట్టాలి, వ్యాన్లు, హోటళ్ళు బుక్ చేయాలి, రోస్టర్ (ఆటగాళ్ళ జాబితా) ఇచ్చే గడువు దాటకుండా చూసుకోవాలి, గాలి అడ్డంగా కొడుతున్న మ్యాచ్‌లో తర్వాతి పాయింట్‌కి ఏ ఏడుగురు దిగాలో సైడ్‌లైన్ మీద నిలబడి అరనిమిషంలో తేల్చాలి. ఇవన్నీ ఒక ఎత్తు. ట్రైఔట్స్ (జట్టులోకి ఎవరిని తీసుకోవాలో తేల్చే ఆటలు) అయ్యాక, నిన్నటిదాకా రూమ్‌లో కలిసి వండుకు తిన్న ఫ్రెండ్‌ని పక్కకి పిలిచి "నువ్వు ఈ ఏడాది బీ టీమ్‌లో ఆడాలి" అని మొహం మీద చెప్పాలి చూడండి, అదొక ఎత్తు. ఆ పిల్ల ఏడుస్తుంది, రెండు వారాలు మాట్లాడదు, మళ్ళీ తనని ప్రాక్టీస్‌కి రప్పించే పూచీ కూడా కెప్టెన్‌దే. ఇంటర్వ్యూల్లో "మీరు చేసిన కష్టమైన సంభాషణ ఒకటి చెప్పండి" అని అడుగుతారు. మన పిల్లల్లో చాలామంది గ్రూప్ ప్రాజెక్ట్‌లో ఒకడు పని చేయలేదు అనే కథే చెప్తారు, వినీ వినీ అడిగేవాళ్ళకి విసుగొచ్చింది.

ఇంకో సంగతి, ఈ ఆటలో మామూలుగా రిఫరీ ఉండడు. ఫౌల్ జరిగితే తగిలిన మనిషే "ఫౌల్" అంటుంది, అవతలి అమ్మాయి ఒప్పుకుంటే సరే, లేదంటే "కాంటెస్ట్" అంటుంది, ఇద్దరూ నిలబడి ఏం జరిగిందో చెప్పుకుంటారు, తేలకపోతే డిస్క్ విసిరిన మనిషి చేతికి వెనక్కి వెళ్తుంది. పెద్ద మ్యాచ్‌ల్లో తగువు తేలకపోతే తీర్చడానికి అబ్జర్వర్లు ఉంటారు కానీ అప్పుడు కూడా మొదటి మాట ఆటగాళ్ళదే. 13-13 స్కోర్ దగ్గర, ఆయాసపడుతూ, గొంతు పెంచకుండా తన వైపు విషయం చెప్పడం అలవాటైన అమ్మాయి రేపు కోడ్ రివ్యూలో సీనియర్‌తో విభేదించాల్సి వస్తే బిక్కచచ్చిపోదు. ఇది మనం డబ్బు కట్టి నేర్పిస్తున్న కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసుల కన్నా నయం అని నా అభిప్రాయం.

అందుకే రెజ్యూమేలో "కెప్టెన్, విమెన్స్ అల్టిమేట్" అని ఒక ముక్క రాసి వదిలేయొద్దనండి. ఎంతమంది జట్టు, ఎన్ని డాలర్ల బడ్జెట్, ఎన్ని టోర్నమెంట్లు, బీ టీమ్‌లో ఎంతమంది నిలబడ్డారు, ఈ అంకెలు ఇప్పటినుంచే రాసి పెట్టుకోవాలి, ఏడాది చివర్లో గుర్తుండవు.

కోచింగ్ విషయంలో మాత్రం నేను మీ వైపే, అమ్మాయితో కాస్త సూటిగా మాట్లాడాల్సిందే. కాలేజీ అల్టిమేట్‌లో పేరున్న కోచ్‌లు ఉన్నారు. యూఎన్‌సీ మగవాళ్ళ జట్టుని ఏళ్ళ తరబడి నడిపిన మైక్ డినార్డిస్, ఓరెగాన్ ఆడవాళ్ళ జట్టు ఫ్యూగ్‌కి నేషనల్ టైటిళ్ళు తెచ్చిన లూ బరస్, ఇలాంటివాళ్ళ దగ్గర ఆడిన పిల్లలు జీవితాంతం వాళ్ళ మాట చెప్తారు. కానీ క్లబ్ స్పోర్ట్‌లో కోచ్‌లకి వచ్చేది ఎక్కువచోట్ల ఏమీ లేదు, లేదంటే చిన్న స్టైపెండ్, కడుపు నింపేది వేరే ఉద్యోగమే. ఓక్లహోమా క్రిస్టియన్ లాంటి ఏవో ఒకటి రెండు చిన్న కాలేజీల్లో ఈ ఆటకి వర్సిటీ (కాలేజీ అధికారిక జట్టు) హోదా, స్కాలర్‌షిప్పులు ఉన్నాయి, అంతే. యూఎఫ్ఏ అని ప్రొఫెషనల్ లీగ్ ఉంది, అందులో ఆడినా వచ్చేది ఇంటద్దెకి చాలదు.

దానికి తోడు వీసా. చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీద కొంతకాలం పని చేసుకోనిచ్చే అనుమతి) మీద చేసే పని డిగ్రీకి సంబంధించినదై ఉండాలి. కంప్యూటర్ సైన్స్ డిగ్రీ పెట్టుకుని డబ్బు తీసుకుని ఫ్రిస్బీ కోచింగ్ చేస్తానంటే కుదరదు. చదువుకుంటుండగా ఎవరైనా స్టైపెండ్ ఇస్తామన్నా, ఆఖరికి సమ్మర్ క్యాంప్‌లో పిల్లలకి నేర్పిస్తే వంద డాలర్లు ఇస్తామన్నా, తీసుకునే ముందు యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అంటే డీఎస్ఓని, అడిగి తీరాలి. ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు డబ్బు తీసుకోకుండా ఏ హైస్కూల్ జట్టుకో నేర్పిస్తానంటే దారి ఉంది, అదైనా ముందు డీఎస్ఓ చెవిన వేసే చేయమనండి.

ఇప్పుడు మీ కంగారులో న్యాయమైన సగం. అందరూ స్ప్రింగ్ (జనవరి నుంచి మే దాకా ఉండే సెమిస్టర్) చూసి భయపడతారు, ఏప్రిల్‌లో కాన్ఫరెన్స్ టోర్నమెంట్, ఏప్రిల్ చివరో మే మొదట్లోనో రీజియనల్స్, సరిగ్గా ఫైనల్ పరీక్షల మీద పడతాయి కాబట్టి. నిజమే, కానీ ఆ తేదీలు ముందే తెలుసు, ప్రొఫెసర్‌తో జనవరిలోనే మాట్లాడుకుంటే చాలావరకు సర్దుకుంటాయి. నాకు టెన్షన్ ఫాల్ (ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా ఉండే సెమిస్టర్) గురించి. వచ్చే వేసవి ఇంటర్న్‌షిప్‌లకి పెద్ద టెక్ కంపెనీలు ఆగస్టు నుంచే తలుపులు తీస్తాయి, అక్టోబర్‌కల్లా చాలా సీట్లు అయిపోతాయి. కొత్త కెప్టెన్‌కి ట్రైఔట్స్, జట్టు ఎంపిక, మొదటి టోర్నమెంట్లు అన్నీ ఆ రెండు నెలల్లోనే. మూడో ఏడాది ఇంటర్న్‌షిప్ పోతే నాలుగో ఏడాది ఉద్యోగం వెతకడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు.

కాబట్టి జూలైలోనే రెజ్యూమే సిద్ధం చేసుకోమనండి, ఆగస్టు మొదటి వారంలో అప్లికేషన్లు మొదలుపెట్టమనండి, ఫాల్‌లో ప్రాక్టీస్ ప్లానింగ్, వ్యాన్ల బుకింగ్ లాంటివి కో-కెప్టెన్‌కి అప్పగించమనండి, చాలా జట్లకి ఇద్దరు ముగ్గురు కెప్టెన్లు ఉంటారు. ఇంటర్న్‌షిప్ వస్తే మొదలయ్యే తేదీ ముందే చూసుకోవాలి, నేషనల్స్ మే చివర్లో మెమోరియల్ డే వీకెండ్‌కి జరుగుతాయి, చాలా ఇంటర్న్‌షిప్‌లు కూడా అప్పుడే మొదలవుతాయి. సీపీటీ (చదువుకుంటుండగా ఇంటర్న్‌షిప్ చేయడానికి కావాల్సిన అనుమతి) చేతికి రాకుండా ఒక్క రోజు కూడా పనిలోకి వెళ్ళకూడదు.

జీపీఏ 3.3 అంటే కొంప మునగలేదు, కానీ ఇంకా జారితే కొన్ని కంపెనీల ఫిల్టర్లలోనే ఆగిపోతుంది. మీరు ఒక గీత గీయండి, ఈ ఫాల్‌లో 3.3 కన్నా తగ్గితే స్ప్రింగ్‌లో కెప్టెన్సీ వదిలేయాలి, ఆట మాత్రం ఆడుకోవచ్చు అని. అమ్మాయి ఒప్పుకుంటుందనే అనుకుంటున్నాను, నిబంధనలతో ఆడే పిల్ల కదా. ఇంకొకటి మాత్రం బేరం లేకుండా చెప్పాలి. టోర్నమెంట్ల వల్ల వెనకబడ్డానని ఒక సబ్జెక్ట్ డ్రాప్ చేసి, మొత్తం 12 క్రెడిట్ల కన్నా కిందికి వెళ్తే ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్‌కే ఎసరు. డీఎస్ఓ అనుమతి లేకుండా డ్రాప్ బటన్ నొక్కకూడదు.

ఆటనీ చదువునీ ఒకచోట కలిపే పని కూడా ఒకటుంది, కావాలంటే ఈ వేసవిలోనే మొదలుపెట్టొచ్చు. నేషనల్స్‌కి 20 జట్లు వెళ్తాయి, ప్రతి రీజియన్‌కీ కనీసం ఒక సీటు ఉంటుంది, మిగతావి ఏ రీజియన్‌కి ఎన్నో ర్యాంకింగ్‌ని బట్టి పంచుతారు. ఆ ర్యాంకింగ్ ఒక లెక్క. ఎదుటి జట్టు బలం, స్కోర్‌లో తేడా, ఆట సీజన్ మొదట్లో జరిగిందా చివర్లోనా, ఇవన్నీ అందులోకి వస్తాయి. మ్యాచ్ ఫలితాలు అందరికీ కనిపించేవే. వాటిని లాగి, ఆ లెక్కని తనే రాసి, ఫలానా మ్యాచ్‌లో రెండు పాయింట్లు ఎక్కువ కొట్టి ఉంటే మా రీజియన్‌కి ఇంకో సీటు వచ్చేదా అని చూపించే ప్రోగ్రామ్ చేస్తే, గిట్‌హబ్‌లో పెట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రాజెక్ట్ దొరకదు. అందరి రెజ్యూమేల్లో ఉండే ఈ-కామర్స్ వెబ్‌సైట్ కన్నా వెయ్యి రెట్లు నయం, అడిగిన మనిషికి గంట సేపైనా ఉత్సాహంగా చెప్పగలదు.

చివరగా డబ్బు మాట. ఇది డిస్క్ కోసం ఒళ్ళు నేలకేసి దూకే ఆట, ఒక్కసారిగా దిశ మార్చి పరుగెత్తే ఆట, మోకాలి లిగమెంట్ తెగడం వింతేమీ కాదు. అమెరికాలో ఆ ఆపరేషన్ బిల్లు మీ లోన్ పక్కన ఇంకో లోన్. స్టూడెంట్ ఇన్సూరెన్స్‌లో క్లబ్ స్పోర్ట్స్ గాయాలకి కవరేజ్ ఉందా లేదా, డిడక్టబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన మొత్తం) ఎంత అన్నది పాలసీ కాగితంలో ఉంటుంది. ఫాల్ ప్రాక్టీసులు మొదలవ్వకముందే ఆ పేజీ ఫొటో తీసి మీకు వాట్సాప్ చేయమనండి. అందులో "స్పోర్ట్స్ ఎక్స్‌క్లూజన్" (ఆటల గాయాలకి కవరేజ్ లేదు) అని కనిపిస్తే ఇంటర్‌కాలేజియేట్ ఆటలకేనా, క్లబ్ ఆటలకి కూడానా అని ఇన్సూరెన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి.