కొన్ని పాత గేమ్ కన్సోళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ ఇంత చవగ్గా ఎందుకు దొరుకుతున్నాయి?

టీవీకి తగిలించి ఆడే నింటెండో వీ, ఎక్స్‌బాక్స్ 360 లాంటివి వచ్చి ఇరవై ఏళ్లు కావస్తున్నా వాటి రేటు ఎందుకు లేవడం లేదన్నది ప్రశ్న. ఎవరిని అడిగినా "కోట్లలో అమ్ముడయ్యాయి కదా, అందుకే" అంటారు. వీ పది కోట్లు దాటి అమ్ముడైన మాట నిజమే. కానీ నింటెండో వాళ్లవే, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్, గేమ్ బాయ్ కలర్ రెండూ కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. మరి గేమ్ బాయ్ కోసం జనం ఇప్పటికీ ఎందుకు ఎగబడుతున్నారు? కొత్త స్క్రీన్లు, కొత్త బాడీలు కొని మరీ ఎందుకు బాగుచేయించుకుంటున్నారు?

నా లెక్క వేరు. పాత కన్సోల్ రేటు పెంచేది దానితో పెరిగి, పెద్దయ్యాక జీతం రాగానే మళ్లీ దాన్ని వెతుక్కునేవాడు. వీ కొన్నవాళ్లలో సగం మందికి అసలు గేమ్స్ అంటేనే పట్టదు. వాళ్లు మళ్లీ వెతుక్కుంటూ రారు. అంతే.

ఇది ఊరికే అనడం లేదు, నా వీలోనే దీనికి సాక్ష్యం ఉంది. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక కుటుంబం దగ్గర కొన్నాను దాన్ని. అట్టపెట్టెలో కన్సోల్, అడాప్టర్, ఒక రిమోట్ ఉన్నాయి. టీవీ ముందు పెట్టే సెన్సర్ బార్ మాత్రం లేదు. మా అక్క కొడుకు "అది లేకపోతే ఎలా ఆడతాం మామయ్యా?" అని మొహం వేలాడేశాడు. నిజానికి ఆ బార్‌లో ఉండేవి రెండు చివర్లా ఇన్‌ఫ్రారెడ్ లైట్లే. వాటిని చూసే కెమెరా రిమోట్ ముందు భాగంలో ఉంటుంది. అందుకని టీవీ కింద కాస్త ఎడంగా రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టాను. రిమోట్ తెరవైపు చూపించగానే చెయ్యి గుర్తు చక్కగా కదిలింది. వాడు వెంటనే ఒక కొవ్వొత్తి ఊది చూద్దామన్నాడు, ఆపాను.

అసలు సంగతి లోపల ఉంది. ఆ ఇంటివాళ్లు దాన్ని ఫార్మాట్ చేయకుండానే అమ్మేశారు. వాళ్లు తయారు చేసుకున్న బొమ్మ మనుషులు అలాగే ఉన్నారు: బట్టతల, కళ్లద్దాలతో ఒక ముసలాయన, ఒకే రకం జడలతో ఇద్దరు ఆడపిల్లలు, ఎవరో విసుగొచ్చి మధ్యలో వదిలేసినట్టు కనుబొమ్మల్లేని ఒకాయన. వీలో మెసేజ్ బోర్డ్ అని ఒకటుంటుంది. ఏ రోజు ఏ గేమ్ ఎంతసేపు ఆడారో తేదీలవారీగా తనే రాసిపెట్టుకుంటుంది. కూర్చుని వెనక్కి తిప్పుకుంటూ పోయాను. మొదట్లో రోజూ గంటలకు గంటలు వీ స్పోర్ట్స్. జపాన్ బయట చాలాచోట్ల అది కన్సోల్‌తో పాటే వచ్చేది. తర్వాత వారాంతాల్లో మాత్రమే. ఆ తర్వాత నెలలకు నెలలు ఖాళీ. ఎప్పుడో ఒక సాయంత్రం పావుగంట, మళ్లీ ఖాళీ. ఆ పావుగంట ఎవరో చుట్టాలు వచ్చిన రోజై ఉంటుంది. అంత పెద్ద చిట్టాలో ఇంకో గేమ్ పేరు కనపడితే ఒట్టు.

బట్టలు ఆరేసుకునే ట్రెడ్‌మిల్ లాంటిదే ఇదీ. ఉత్సాహంగా కొన్నారు, వాడారు, మూలన పెట్టారు. అందుకే పాతదైనా పెద్దగా అరగలేదు. అమ్మేవాడికి దానిమీద మమకారం లేదు, కొనేవాడికి తొందర లేదు. ఇక రేటు ఎక్కడ పెరుగుతుంది?

ఇంకో తమాషా చూడండి. మొదట వచ్చిన వీ మోడల్‌కి మూత తెరిస్తే, అంతకుముందు నింటెండో అమ్మిన గేమ్‌క్యూబ్ అనే కన్సోల్ కంట్రోలర్లకు నాలుగు పోర్టులు, రెండు మెమరీ కార్డ్ స్లాట్లు ఉంటాయి. గేమ్‌క్యూబ్ డిస్కులు భేషుగ్గా నడుస్తాయి. అయినా అవే డిస్కులు ఆడటానికి ఎక్కువ డబ్బు పెట్టి గేమ్‌క్యూబే కొనేవాళ్లున్నారు. ఆ ఊదారంగు పెట్టె, దాని వెనక పిడి వాళ్ల చిన్నతనం మరి. అది మొత్తం 2 కోట్ల పైచిలుకే అమ్ముడైంది కాబట్టి సరుకు తక్కువన్నదీ నిజమే, కాదనను.

ఎక్స్‌బాక్స్ 360 కథ భయం కథ. ఎర్ర లైట్లు వెలిగి చచ్చిపోయే జబ్బు ఎంత ముదిరిందంటే, 2007లో మైక్రోసాఫ్ట్ దాని వారంటీని మూడేళ్లకు పెంచి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. తర్వాత వచ్చిన మోడళ్లు గట్టివే, కానీ చెడ్డపేరు పోలేదు. పైగా ఆ గేమ్స్‌లో ఆరు వందలకు పైగా కొత్త ఎక్స్‌బాక్స్‌ల మీద కూడా నడుస్తాయి. ఇక పాతపెట్టె ఎందుకు? 2001 నాటి మొదటి ఎక్స్‌బాక్స్ కొనేముందైతే ఒకసారి విప్పి చూడాల్సిందే. గడియారం కోసం పెట్టిన చిన్న కెపాసిటర్ ఏళ్లు గడిచేకొద్దీ కారి మదర్‌బోర్డును తినేస్తుంది.

టీవీల పాపం కూడా ఉంది. వీ ఇచ్చే బొమ్మ 480పీ, అంటే 480 గీతల స్పష్టత, దాటదు. దాంతో వచ్చేది ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల కేబుల్. కొత్త టీవీల్లో చాలావాటికి ఆ సాకెట్లే లేవు. ఏదో ఒక చౌక అడాప్టర్ తగిలించి, మసకమసగ్గా కనపడేసరికి కన్సోల్ పాడైందనుకుని అమ్మేస్తారు.

కన్సోల్ చవక కదా అని మురిసిపోకండి. తొంభైల నాటి సెగా శాటర్న్ కన్సోల్ సంగతే తీసుకోండి. పెట్టె కొనడం పెద్ద కష్టం కాదు. కానీ దాని మీద వచ్చిన పాంజర్ డ్రాగన్ సాగా ఇంకే కన్సోల్ మీదా రాలేదు. ఆ గేమ్ అసలు డిస్కుల ముందు కన్సోల్ రేటు చిల్లర కింద లెక్క. అదే ఏటా వచ్చే ఫుట్‌బాల్ గేమ్స్ పాతవి ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడుండడు.

నాకు ఒళ్లు మండేది మాత్రం సీల్ తీయని గేమ్స్‌కి గ్రేడింగ్ (ఎంత బాగున్నాయో మార్కులు వేయించడం) చేయించి, ప్లాస్టిక్ పెట్టెల్లో బిగించి అమ్మే బ్యాచ్‌ని చూస్తే. 2021 జులైలో సీల్ తీయని సూపర్ మారియో 64 ఒకటి వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. సీల్ తీసిన అదే గేమ్ కావలసినన్ని దొరుకుతున్నాయి. ఆ వార్త వచ్చాక అటక మీద ఏ కన్సోల్ ఉన్నవాడైనా తన దగ్గర నిధి ఉందనుకోవడం మొదలుపెట్టాడు. వీ జోలికి ఈ బ్యాచ్ ఇంకా పెద్దగా రాలేదు. ఇంకో పదేళ్లయినా రారు, రాసిపెట్టుకోండి.

కొనాలనుకుంటే పైన గేమ్‌క్యూబ్ పోర్టులున్న వీ చూసుకోండి, తర్వాతి మోడల్‌లో అవి తీసేశారు. "టెస్ట్ చేయలేదు" అని రాసినవి వదిలేయండి. టెస్ట్ చేసి, పనిచేయకపోయేసరికి అలా రాస్తారు. ఇంకోటి, రిమోట్ వెనక బ్యాటరీ మూత తీసి ఫొటో పంపమనండి. స్ప్రింగుల మీద పచ్చగానో తెల్లగానో పొడి కనిపిస్తే బేరమాడకుండా ఇంకొకటి వెతుక్కోండి, బోలెడున్నాయి.