డైరీ ఎదురుగానే ఉంది, కనబడదు!

ప్రశ్న: మేడమ్, నా వయసు 58. పదేళ్లుగా ఇంటి లెక్కలన్నీ ఎర్ర అట్ట డైరీల్లోనే రాసుకుంటున్నాను. ఈ ఏడాది నీలం అట్టది వచ్చింది. అప్పటినుంచీ అది టేబుల్ మీద ఎదురుగా ఉన్నా కనబడక ఇల్లంతా వెతుకుతున్నాను. చివరికి మా మనవరాలు చూపిస్తోంది. మతిమరుపు మొదలైందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: రాసిన లెక్కలే గుర్తుండకపోతే డాక్టర్‌ని కలవండి. ఈ ఒక్కదానికే భయపడక్కర్లేదు. మీరు డైరీ అనుకుంటూ వెతుకుతున్నా, మీ కళ్లు ఎరుపు కోసమే వెతుకుతున్నాయి. ఎర్రగా లేనిది ఎదురుగా ఉన్నా మనసుకెక్కదు.

నా సంగతి వినండి. నా ఎర్ర స్కూటర్‌కి నల్ల పెయింట్ వేయించిన వారంలోనే, పార్కింగ్‌లో దాని పక్కనుంచే నడిచి వెళ్లి, ఎవరిదో ఎర్ర బండికి తాళంచెవి పెట్టి తిప్పాను. "అది నాదండీ" అని వెనకనుంచి ఒకాయన అనేదాకా తాళం పాడైందనే అనుకున్నాను. అప్పుడు నాకు 31 ఏళ్లు!

వెతుకులాటలో రంగుకి అంత బలముంది. వెతికే అక్షరం ఒక్కటే వేరే రంగులో ఉంటే, గుంపు ఎంత పెద్దదైనా ఇట్టే దొరుకుతుందని ఆన్ ట్రీస్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లో చూపించారు. రంగూ ఆకారమూ రెండూ కలిపి చూసుకోవాల్సి వస్తే మాత్రం, గుంపు పెరిగేకొద్దీ ఆలస్యమవుతుంది.

అన్ని వస్తువులూ ఒకటి కాదు లెండి. గొడుగు, కుర్చీ ఏ రంగులో ఉన్నా పోల్చుకుంటాం, వాటికి ఆకారమే ఆనవాలు. అరటిపండుకి పసుపు కూడా ఆనవాలే. 2006లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం వాళ్లు, తెరమీది అరటిపండు బొమ్మని పూర్తి బూడిదరంగులోకి మార్చమని కొందరికి చెప్పారు. వాళ్లు అసలైన బూడిదరంగు దగ్గర ఆగలేదు, పసుపుకి విరుగుడైన నీలం వైపు కాస్త జరిపాక ఆగారు. అంటే రంగు పూర్తిగా పోయినా వాళ్లకింకా కొంచెం పసుపు కనబడుతోందన్నమాట! ఎన్నేళ్లుగానో చూసిన పసుపు కదా, కంటిని అంత తేలిగ్గా వదల్లేదు. పదేళ్ల మీ ఎరుపూ అంతే మొండిది.

ఇంకోటి. మసక చీకట్లో ఎరుపు నల్లబడిపోతుంది, నీలం కాస్త తేలికగా కనబడుతుంది. పుర్కింజే అనే చెక్ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలోనే ఇది గమనించాడు. కాబట్టి దీపాలు పెట్టే వేళకి మీ కొత్త డైరీయే నయం.

అలవాటయ్యేదాకా ఆగలేనంటే, దానికో ఎర్ర కాగితం అట్ట వేయించండి. మనవరాలి చేతే.