మా వారు రోజుకు 16 గంటలు నిద్రపోతున్నారు. నేను ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మా వారి వయసు 43. పద్నాలుగు నెలల క్రితం జరిగిన ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగిలింది. ప్రాణం దక్కింది. మాట, నడక తిరిగి వచ్చాయి. కానీ రోజుకు 15, 16 గంటలు నిద్రే. ఇప్పటివరకు మూర్ఛ రాలేదు, అయినా రాకుండా ఒక మాత్ర, కండరాల బిగువుకు ఒకటి, తలనొప్పికి రాత్రిపూట ఇంకొకటి వేసుకుంటున్నారు. ఆఫీసు నుంచి సగం జీతం వస్తోంది. ఇంటి అప్పు ఇంకా పన్నెండేళ్లు ఉంది. నేనూ ఉద్యోగం చేస్తున్నాను. చుట్టాలు ఆయనను కుంభకర్ణుడని నవ్వుతున్నారు. ఉద్యోగం మాని ఆయనను చూసుకోమని అత్తగారు అంటున్నారు. ఆయన రిటైర్మెంటు పొదుపు తీసి అప్పు తీర్చేయమని మా అన్నయ్య అంటున్నాడు. పోయిన నెల నిద్రమత్తులో ఎవరో ఫోను చేసి అడిగితే బ్యాంకు ఓటీపీ చెప్పేశారు; బ్యాంకు సమయానికి ఆపింది. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, మీ రెండు ప్రశ్నలకూ ముందే జవాబు చెప్పేస్తాను. ఉద్యోగం మానవద్దు. రిటైర్మెంటు పొదుపు తీయవద్దు. ఎప్పటికీ వద్దని కాదు, ఇప్పుడు వద్దని. ఆ పదహారు గంటల నిద్రలో గాయం వాటా ఎంత, మాత్రల వాటా ఎంత అన్నది ఇంకా ఎవరూ తేల్చినట్టు మీ ఉత్తరంలో కనిపించలేదు. అది తేలకుండా వేసే ఏ లెక్కయినా గాలిలో లెక్కే.

ఈ మాట నేను సొంత తప్పు నుంచి చెబుతున్నాను. కుటుంబాలకు డబ్బు విషయంలో సలహా చెప్పే ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో, ఇంచుమించు ఇలాంటి పరిస్థితిలో ఉన్న ఒకావిడకు ఉద్యోగం మానేయమని సలహా ఇచ్చాను. ఆదాయం, ఖర్చు, ఆయా జీతం అన్నీ కాగితం మీద వేసి మరీ చూపించాను. ఆరు నెలల తర్వాత డాక్టరు ఒక మందు మార్చి, ఇంకో దాని మోతాదు తగ్గించారు. ఆమె భర్త మధ్యాహ్నాలు మెలకువగా ఉండటం మొదలుపెట్టారు. అప్పటికి ఆమె కుర్చీలో వేరొకరు కూర్చున్నారు. నా కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ నిద్ర ఎప్పటికీ అలాగే ఉంటుందని అనుకోవడమే పొరపాటు.

నేను వైద్యుణ్ణి కాను. కానీ డాక్టరును ఏమి అడగాలో తెలియక డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలను చాలా చూశాను, కాబట్టి అడగవలసినవి చెబుతాను. మీరు మందుల పేర్లు రాయలేదు. మూర్ఛ రాకుండా లెవెటిరాసెటమ్, కండరాల బిగువుకు బాక్లోఫెన్, తలనొప్పికి అమిట్రిప్టిలిన్ సాధారణంగా రాసేవి. మూడూ మగత తెచ్చేవే. ఒక్కొక్కటి విడిగా తట్టుకోగలిగినా, మూడూ కలిసినప్పుడు మగత మీద మగత పేరుకుంటుంది. రాత్రి వేసుకున్న తలనొప్పి మాత్ర మత్తు తెల్లవారాక కూడా వదలకపోవచ్చు.

ఆయనకు మూర్ఛ రాలేదన్నారు కదా, మొదటి ప్రశ్న అక్కడే ఉంది. తలకు గాయమైన మొదటి వారంలో వచ్చే మూర్ఛలను ఆపడానికి ముందుజాగ్రత్తగా మందు ఇస్తారు. ఆ వారం దాటాక వచ్చే మూర్ఛలను ముందుగా ఆపడంలో అది పనికిరాలేదని ఫెనిటాయిన్ అనే మూర్ఛ మందు మీద జరిపి 1990లో ప్రచురించిన పరిశోధన చూపించింది. అమెరికాలోని బ్రెయిన్ ట్రామా ఫౌండేషన్ మార్గదర్శకాలు కూడా ముందుజాగ్రత్త మందును మొదటి ఏడు రోజులకే సూచిస్తాయి. అయినా మీ వారి స్కానులో ఏముందో, ఏ కారణంతో కొనసాగిస్తున్నారో డాక్టరుకే తెలుసు. "ఇది ఇంకా ఎందుకు, ఎప్పటి వరకు?" అని అడిగే హక్కు మాత్రం మీకుంది. చాలాసార్లు ఆస్పత్రిలో రాసిన చీటీనే ఏడాది పొడవునా దుకాణంలో చూపించి కొనుక్కుంటూ ఉంటారు. మధ్యలో దాన్ని మళ్లీ చూసేవారే ఉండరు.

అడగమన్నాను, ఆపమనలేదు. మూర్ఛ మందును ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు. బాక్లోఫెన్ హఠాత్తుగా ఆపితే మూర్ఛతో పాటు భ్రమలు కూడా కలగవచ్చు. అలా ఒక్క రాత్రి అత్యవసర విభాగంలో చేరితే మీరు ఏడాదిలో మిగుల్చుకున్నదంతా అక్కడే ఊడుస్తుంది.

రెండో ప్రశ్న మాత్ర వేసుకునే వేళ గురించి. పగటి మోతాదులో కొంత రాత్రికి జరపవచ్చా, మగత తక్కువ ఉండే మరో మందు ఉందా? వేళ మార్చడానికి పైసా ఖర్చు లేదు. మీ బడ్జెట్‌లో ఖర్చు లేకుండా లాభం తెచ్చే అవకాశం ఇదొక్కటే కనిపిస్తోంది.

మూడోది, మాత్రలు కాకుండా ఇంకేమైనా ఉందా అని. తల గాయం తర్వాత నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం, పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని థైరాయిడ్, కార్టిసాల్ వంటి హార్మోన్లు తగ్గడం, కుంగుబాటు, ఇవన్నీ పగటి నిద్రకు కారణాలు కావచ్చు. హార్మోన్లకు మొదట రక్త పరీక్ష చేస్తారు. ఊపిరి సంగతికి ఒక రాత్రి నిద్ర పరీక్ష కావాలి. దానికయ్యే ఖర్చుకు వెనకాడవద్దు. అది ఒక్కసారి పెట్టేది, నిద్ర వల్ల పోతున్న జీతం నెలనెలా పోయేది. మెలకువ కోసం మోడాఫినిల్ వంటి మందు రాయవచ్చు. దాన్ని ఈ సమస్యకు వాడితే మీ ఆరోగ్య బీమా ఖర్చు ఇస్తుందో లేదో కొనకముందే కనుక్కోండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేముందు రెండు వారాలు ఒక పని చేయండి. ఒక నోటుపుస్తకం ఆయన మంచం పక్కన పెట్టండి. మీరు ఆఫీసులో ఉన్న వేళల్లో అత్తగారిని రాయమనండి. ఇలా ఉంటే చాలు: "ఉదయం 8.00 మాత్రలు. 8.50 కుర్చీలోనే కునుకు, చేతిలో చెంచా అలాగే ఉంది. 12.20 పిలిస్తే లేచారు. 2.00 మళ్లీ నిద్ర. 4.00 నుంచి 6.30 వరకు తెలివిగా ఉన్నారు, పేపరు చదివి వార్త చెప్పారు." దీనితో పాటు ఎప్‌వర్త్ నిద్రమత్తు పట్టిక నింపండి. ఆస్ట్రేలియా వైద్యుడు ముర్రే జాన్స్ 1991లో తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల పట్టిక అది. చదువుతూ కూర్చున్నప్పుడు, ఎవరితోనైనా మాట్లాడుతున్నప్పుడు, వాహనం ట్రాఫిక్‌లో ఆగినప్పుడు కునుకు పట్టే అవకాశం ఎంత అని అడిగి 0 నుంచి 3 వరకు మార్కులు వేస్తుంది. మొత్తం 24. పది దాటితే మామూలు నిద్ర కాదని అర్థం. చుట్టాలకు కుంభకర్ణుడు గుర్తొస్తే ఈ పట్టిక చూపించండి. కుంభకర్ణుడికైనా అది కోరి తెచ్చుకున్న నిద్ర కాదు.

ఇక డబ్బు. ప్రమాదానికి ముందు మీ ఇద్దరి జీతం కలిపి 100 పాళ్లు అనుకుందాం. మీరు పంపిన అంకెల ప్రకారం ఆయనది 58, మీది 42. ఇప్పుడు ఆయనది 29. అంటే చేతికి వచ్చేది 71. అప్పు వాయిదా 31, ఇంటి ఖర్చు 34, మందులు, ఫిజియోథెరపీ 14, కలిపి 79. నెలకు 8 పాళ్ల లోటు. మీ అత్యవసర నిధి 240 పాళ్లు. ఈ లెక్కన రెండున్నరేళ్లు వస్తుంది.

మీరు ఉద్యోగం మానితే లోటు 50. నిధి అయిదు నెలలు కూడా రాదు. మానకుండా, పగలు అయిదు గంటలు ఒక మనిషిని పెట్టుకుంటే నెలకు 12 పాళ్లు అవుతుందని రాశారు. అప్పుడు లోటు 20, నిధి ఏడాది వస్తుంది. బ్యాంకుతో మాట్లాడి అప్పు గడువు పొడిగించుకుని వాయిదాను 24కు దించగలిగితే లోటు 13, నిధి ఏడాదిన్నర వస్తుంది. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతారు, నిజమే. ఆ ఎక్కువ వడ్డీతో మీరు కొనుక్కుంటున్నది మరో ఆరు నెలల వ్యవధి. వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్లండి. తప్పాక వెళ్లేవారిని వేరే దస్త్రంలో చూస్తారు.

పొదుపు తీసి అప్పు కట్టేస్తే మనసుకు హాయిగా ఉంటుంది, మీ అన్నయ్య చెప్పేది అదే. కానీ ఒకసారి అప్పులోకి వెళ్లిన డబ్బు, వచ్చే ఏడాది చికిత్సకు కావాలంటే తిరిగి రాదు. అప్పుడు చేతిలో జీతం సగమే ఉన్న మనిషికి కొత్త అప్పు ఎవరిస్తారు?

అన్నిటికన్నా పెద్ద మొత్తం బీరువాలో ఉండి ఉండవచ్చు. ఇక్కడ అచ్చువేయని మీ ఉత్తరం చివరి భాగంలో ఒక్క వాక్యం రాశారు: "పెళ్లయిన కొత్తలో ఆయన ఏదో పాలసీ తీసుకున్నారు, అది చనిపోతేనే వస్తుంది కదా." తీసి చదవండి. దానికి అనుబంధంగా అంగవైకల్యం రక్షణ ఉందా, పనిచేయలేని స్థితిలో ప్రీమియం మాఫీ ఉందా చూడండి. ఆఫీసు తరఫున సమూహ బీమా ఉందేమో అక్కడా అడగండి. ఉంటే మూడు సంగతులు వెతకండి. క్లెయిము తెలియజేయడానికి గడువెంత? పద్నాలుగు నెలలు గడిచాయి కాబట్టి రేపే ఫోను చేసి, వెంటనే ఉత్తరం కూడా పంపండి. వెయిటింగ్ పీరియడ్, అంటే డబ్బు రావడం మొదలయ్యే ముందు ఆగవలసిన కాలం, ఎంత? మూడోది అసలైనది. వైకల్యం అంటే "తన వృత్తి చేయలేకపోవడం" అని రాశారా, "ఏ పనీ చేయలేకపోవడం" అని రాశారా? మొదటిదైతే మీ చేతికి బలం. కొన్ని పాలసీలలో మొదట్లో మొదటి అర్థం, రెండేళ్ల తర్వాత రెండో అర్థం వర్తిస్తుంది.

నిద్ర క్లెయిముల్లో వచ్చే చిక్కు ఏమిటంటే, నడిచే మనిషిని, మాట్లాడే మనిషిని చూసి కంపెనీ "బాగానే ఉన్నాడు కదా" అంటుంది. డాక్టరు ధ్రువపత్రంలో "తలకు గాయం" అని మాత్రమే ఉంటే చాలదు. "ఏకధాటిగా రెండు గంటలకు మించి మెలకువగా ఉండి పని చేయలేరు" అన్న మాట ఉండాలి. "గాయం వల్ల ఈ మందులు తప్పనిసరి, ఈ మందుల వల్ల నిద్రమత్తు" అన్న వరుస కూడా ఉండాలి. లేకపోతే నిద్ర మందుల వల్ల వచ్చింది, గాయం వల్ల కాదని తప్పించుకునే వీలుంటుంది. మీ నోటుపుస్తకం ఇక్కడ రెండోసారి అక్కరకు వస్తుంది. అందుకే తేదీలు వేయమంటున్నాను. వాటిలో మంచి రోజులను కూడా నిజాయితీగా రాయండి. పద్నాలుగు రోజులూ ఒకేలా ఉన్న పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఓటీపీ సంగతి. ఆయన ఖాతాలో బదిలీ పరిమితిని బాగా తగ్గించమని బ్యాంకును అడగండి. సందేశాలు మీ ఫోనుకూ వచ్చేలా పెట్టించుకోండి. పొదుపు ఖాతాలను ఇద్దరి సంతకంతో నడిచేలా మార్చండి. కానీ ఒక చిన్న ఖాతా, కార్డు ఆయన దగ్గరే ఉంచండి. పద్నాలుగు నెలలుగా అన్నీ ఒకరు చెబితేనే చేస్తున్న మనిషి ఆయన.

ఆయన తరఫున మీరు సంతకాలు చేసేలా మీ పేర అధికార పత్రం (పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకోవడం మంచిది. ఆయనకు అర్థం చేసుకునే శక్తి ఉండగానే అది జరగాలి. సాధారణ అధికార పత్రం, రాసిచ్చిన వ్యక్తి ఆ శక్తి కోల్పోతే చాలాచోట్ల చెల్లదు. తర్వాత కూడా నిలిచే పత్రం మీరున్న చోట ఏదన్నది న్యాయవాదిని అడగండి. సంతకాల వేళ కూడా ముఖ్యమే. ఉదయం మాత్రలు వేసుకున్న గంటకు ఏ కాగితమూ ముందు పెట్టవద్దు. నోటుపుస్తకంలో "తెలివిగా ఉన్నారు" అని ఏ వేళలు పడతాయో చూసి, ఆ వేళకే న్యాయవాదిని పిలవండి. ఆయనకు అర్థమవుతోందని ఆ రోజు డాక్టరు రాసిచ్చిన చీటీ కూడా ఉంటే రేపు ఎవరికైనా ప్రశ్నించడం కష్టం.

బండి తాళాలు కూడా మీ దగ్గరే ఉంచుకోండి. మత్తు తెచ్చే మందు వేసుకుని నడిపితే ప్రమాదం మాట అటుంచి, వాహన బీమా కూడా చేతులెత్తేసే అవకాశం ఉంది.

పైన ఉదాహరణలో రాసినట్టు సాయంత్రం రెండున్నర గంటల మెలకువ నిజంగా రోజూ ఉంటే, ఇంటి నుంచి చేయగల చిన్న పని ఏదైనా ఇవ్వగలరా అని ఆయన ఆఫీసులో అడగవచ్చు. ముందు బీమా కంపెనీకి క్లెయిము వెళ్లాక, పాక్షికంగా పనిచేస్తే దాని మీద ఏ ప్రభావం పడుతుందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే అడగండి. ఈ వరుస తలకిందులైతే నష్టపోతారు.

డాక్టరును కలిసి వచ్చాక, మాత్రల్లో ఏది మారిందో, నోటుపుస్తకంలో ఆ తర్వాత రాసిన పేజీలు ఎలా ఉన్నాయో రాసి పంపండి. ఆ 13 పాళ్ల లోటును అప్పుడు మళ్లీ లెక్క వేద్దాం.