ఉగాలి ఉండలు కట్టడం, పచ్చివాసన: సమాధానం

ఉగాలి (కెన్యాలో తినే మొక్కజొన్న పిండి సంకటి) ఉండలు కడుతోంది, పచ్చివాసన వస్తోంది, పిండిలో లోపమా అని అడిగారు. పిండి మంచిదే. మీ ఉగాలి ఉండలు కట్టడానికి కారణం మన రాగిసంకటి అలవాటు: పిండంతా ఒకేసారి కుప్పపోసి వదిలేయడం. నైరోబీ ఇళ్లలో అలా చేయరు.

1. సుఫురియాలో (లోహపు వంటగిన్నె) 2 కప్పుల నీళ్లు కళపెళా మరగాలి.

2. తెల్ల మొక్కజొన్న పిండి, సుమారు ఒకటిన్నర కప్పు, గుప్పెడు గుప్పెడుగా వేయండి.

3. ఊరికే తిప్పితే చాలదు. మ్వికోతో (చెక్క తెడ్డు) ముద్దను గిన్నె గోడకేసి అదిమి, మడిచి, మళ్లీ అదమండి. చెయ్యి నొప్పి పుడుతుంది, పుట్టాలి కూడా.

4. పచ్చివాసన ఎందుకంటే, గట్టిపడగానే దించేస్తున్నారు. చాలామంది వదిలేసేది ఇక్కడే. సన్నమంట మీద మూతపెట్టి 4-5 నిమిషాలు మగ్గనివ్వండి, మధ్యలో ఒకసారి తిరగేయండి. కాల్చిన మొక్కజొన్న పొత్తు వాసన వస్తే ఉడికినట్టే.

పళ్లెంలో బోర్లించి వేడిగా సుకుమా వికీతో (ఆకుకూర వేపుడు) పెట్టండి.