ముందు పంపును అనుమానించకు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "విన్నావా అన్నయ్యా, నీ మేనకోడలు ఉన్న ఉద్యోగం చాలక అమెరికాలో ఆ వెర్మాంట్‌లో అడవి కొన్నదట, మేపుల్ చెట్లకి పైపులు కడుతుందట" అని ఏడ్చినంత పని చేసింది. దానికి ధైర్యం చెప్పి ఫోన్ పెట్టేశాక ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను. 800 ట్యాపులా! సిరప్ కాచడానికి చెట్టు నీరు దింపే ఆ చిన్న కొళాయిలు, మానుకి రంధ్రం వేసి కొట్టేవి, అన్నా! నాకే అంత ధైర్యం లేకపోయింది. కానీ పడుకుంటే నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

రంధ్రం ఒకటిన్నర అంగుళం లోతు చాలు, కాస్త పైకి ఏటవాలుగా, పాత రంధ్రాల మచ్చలకు దూరంగా. అడ్డకొలత పది అంగుళాలు లేని చెట్టు జోలికి పోకు. ఇవన్నీ నువ్వు వీడియోల్లో చూసే ఉంటావు.

పంపు గొట్టాల్లోంచి గాలి లాగేస్తేనే నీరు బాగా దిగుతుంది, ఏ సందులోంచో గాలి చొరబడితే అదే లీకు. ఆ లీకుల సంగతి మాత్రం నా నోటితోనే వినాలి. మొదటి ఏడాది నాకు ఉన్నవి 600 ట్యాపులు. ఆ లాగుడు బలం, అంటే వాక్యూమ్, గేజ్ మీద పాతిక అంగుళాలు చూపించాల్సింది పద్నాలుగు దగ్గరే ఆగింది. రాత్రి గడ్డకట్టే చలి, పగలు నాలుగైదు డిగ్రీల వేడి. చెట్టు నీరు దిగడానికి అంతకంటే మంచి రోజులు ఉండవు. పక్క తోటలో ట్యాంకులు పొర్లుతున్నాయి, నాది సగం కూడా నిండడం లేదు. ఒక్కో అంగుళం వాక్యూమ్‌కి నీరు ఐదు శాతం పైగా పెరుగుతుందని లెక్క, అంటే నేను పోగొట్టుకుంటున్నది ఎంతో చూసుకో. నేనేం చేశాను? పంపును అనుమానించాను. ఆయిల్ మార్చాను, బెల్టు మార్చాను. ఆఖరికి అప్పు చేసి రెట్టింపు సైజు పంపు కొన్నాను. గేజ్ పదిహేడుకి ఎక్కింది. అంతే. ఈ లోపు మూడు వారాలు పోయాయి. మొగ్గలు ఉబ్బాయి. ఆ తర్వాత దిగిన నీరు కాస్తే సిరప్ వెగటుగా ఉంటుంది, పనికిరాదు.

సిగ్గు పడాల్సింది ఇంకోటి ఉంది. మీ తాతయ్య కాలవ మీద ఆయిల్ ఇంజన్ పెట్టి చేలకి నీళ్ళు తోడేవాడు. నీళ్ళు ఎక్కకపోతే ఆయన ఇంజన్ని ముట్టుకునేవాడే కాదు. పంచె ఎగ్గట్టి, సక్షన్ పైపు వెంట నడుస్తూ, జాయింటు జాయింటుకీ తడి బంకమట్టి మెత్తేవాడు. గాలి లాగుతున్న చోట ఆ మట్టి బొడ్డులా లోపలికి గుంట పడేది. నా చెయ్యి పట్టుకుని నా వేలు అక్కడ ఆనించి, "ఇదిగోరా దొంగ" అనేవాడు. తొమ్మిదేళ్ళప్పుడు వేలితో తెలుసుకున్నది నలభై రెండేళ్ళప్పుడు గుర్తు రాలేదు నాకు.

చివరికి పక్క తోట ముసలాయన వచ్చాడు. పంపు వైపు చూడను కూడా లేదు, నన్ను తిన్నగా చెట్ల మధ్యకి తీసుకెళ్ళి ఒక సన్న గొట్టం ముందు నిలబెట్టి చూడమన్నాడు. లోపల బుడగలు పరుగెడుతున్నాయి. లీకు లేని లైన్‌లో నీరూ బుడగలూ బద్ధకంగా జరుగుతాయి. లీకు ఉంటే బుడగలు తరుముకొస్తున్నట్టు పోతాయి. గొట్టం వెంట పైకి నడువు, ఆ పరుగు ఆగిపోయిన చోటు దాటావంటే లీకు నీ వెనకే ఉన్నట్టు. ట్యాపు మీద అనుమానం వస్తే దాని కింద గొట్టాన్ని వేళ్ళతో మడిచి పట్టు. లైన్‌లో పరుగు ఆగిందా, దొంగ ఆ ట్యాపే. నీరు పారుతున్నప్పుడే ఇది కనిపిస్తుంది, గడ్డకట్టిన రోజు ఎంత తిరిగినా దండగ. 800 ట్యాపులూ ఒకేసారి తిరగకు, సన్న గొట్టాలు కలిసే మెయిన్ లైన్ల వాల్వులు ఒక్కొక్కటే మూసి గేజ్ చూడు. ఏది మూస్తే ముల్లు లేస్తుందో ముందు ఆ లైన్‌కే పో.

నా తోటలో సగం లీకులు నేను కొట్టిన సుత్తి దెబ్బలవే. ట్యాపు కొడుతుంటే ముందు డొల్ల చప్పుడు వస్తుంది, తర్వాత గట్టి చప్పుడు. గట్టి చప్పుడు వినపడగానే ఆపాలి. నేను బిగువు కోసం ఇంకో రెండు దెబ్బలు వేశాను, చెక్క వెంట్రుకవాసి చీలింది. మిగతావి ఉడతలు కొరికినవి. రాముడికి వారధి కట్టిన ఉడతలు కావమ్మా ఇవి! కొరికిన ముక్క కోసేసి కనెక్టర్ వెయ్యి. గొట్టం కొసని ఫ్లాస్కులో వేడినీళ్ళలో రెండు మూడు క్షణాలు ముంచితే మెత్తబడి సూటిగా ఎక్కుతుంది. లైటర్‌తో కాల్చావో, నా చేత తిట్లు తింటావు.

అసలు భయం రాయకుండా ఇంత రాశాను. నాలుగో ఏడాది, బుడగల వెంట చూస్తూ నడుస్తూ మంచు కప్పిన వాగులో మోకాలి దాకా దిగబడిపోయాను. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మీ అత్తయ్య సాయంత్రం ఆరింటికి వంట మానేసి టార్చి పట్టుకుని వచ్చింది, నన్ను లాగి, ఒక్క మాట అనకుండా ఇంటికి నడిపించింది. మర్నాడు అంది, వారం రోజులు అంటూనే ఉంది. నువ్వు ఒక్కదానివే వెళ్ళకు. తోడు రావాల్సిన అబ్బాయికి పని ఉంటే ఏ లైన్‌కి వెళ్తున్నావో కాగితం మీద రాసి తలుపుకి అంటించి వెళ్ళు. జేబులో పొడి సాక్సులు పెట్టుకో. నవ్వకు.

మార్చి మొదటి వారంలో మేమిద్దరం వస్తాం. నా మోకాళ్ళు కొండ ఎక్కవు, పంపు దగ్గర కుర్చీ వేసుకుని గేజ్ నంబరు కేకేసి చెప్తుంటాను. అన్నట్టు, ఆ పెద్ద పంపు ఇంకా మా షెడ్‌లోనే పడి ఉంది. నీకే ఇస్తాను, కానీ ముందు నీ పాత పంపుతోనే గేజ్ పాతిక దాటించు.

మీ మావయ్య