సముద్రం దగ్గర ఇసుక నేల కొని బోరు వేసుకుంటే వ్యవసాయం అవుతుందా?

చీరాల దగ్గర, సముద్రానికి రెండు కిలోమీటర్ల లోపు రెండెకరాలు చూశారట, కాలువ నీరు లేదు, బోరు వేస్తే సరిపోతుందా అని అడిగారు. మాది చినగంజాం వైపు. లోతు బోరు మాత్రం వెయ్యకండి, మేం వేసి దెబ్బతిన్నాం.

కృష్ణా కాలువలు మా ఇసుక దిబ్బలెక్కవు. పక్కనే ఉన్న బకింగ్‌హాం కాలువలో ఉప్పునీళ్లు. ఇక మిగిలింది అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లతో పడే వాన. ఆ నీళ్లు ఇసుకలోకి ఇంకి, కిందున్న ఉప్పునీటి మీద పలచటి పొరలా తేలుతూ ఉంటాయి. సముద్ర మట్టానికి పైన ఒక్క అడుగు మంచినీళ్లుంటే కింద సుమారు 40 అడుగుల దాకా ఉప్పుని అణిచిపెట్టి ఉంచుతాయని లెక్క. మోటారుతో గట్టిగా తోడి ఆ అడుగు కాస్తా దించేశారనుకోండి, కింద నుంచి ఉప్పు ఎగబాకుతుంది.

నేను పదో తరగతిలో ఉండగా నాన్న అప్పు తెచ్చి బోరు వేయించారు. మొదటి ఏడాది శనక్కాయలు ఎంత బాగా కాశాయంటే పక్క ఊరివాళ్లు కూడా చూసి వెళ్లారు. రెండో వేసవిలో ఒకరోజు అమ్మ టీ పెడితే పాలు విరిగిపోయాయి, పాలవాడితో గొడవ కూడా పెట్టుకుంది పాపం, తీరా చూస్తే తప్పు నీళ్లది. నెల తిరక్కుండానే ఆకుల అంచులు మాడాయి. అప్పు తీరడానికి ఆరేళ్లు పట్టింది.

మళ్లీ తాత తవ్విన దొరువు దగ్గరికే వచ్చాం. దొరువంటే మనిషి లోతు గుంట, ఒకవైపు వాలుగా దిగే దారి ఉంటుంది, పైపొర నీళ్లు మాత్రమే ఊరతాయి. బడికి వెళ్లేముందు రెండు చేతులా బిందెలతో మిరప నారుకి, వంగ నారుకి నీళ్లు పోసేవాళ్లం. ఆ పని మళ్లీ ఎవరూ చేయనక్కర్లేదు, ఎందుకంటే బాపట్లలో ఉప్పునీటి మీద పరిశోధన చేసేవాళ్లు దొరువునే మెరుగుపరిచారు: మధ్యలో ఒక బావి, దానికి రెండు వైపులా నీటిపొర ఉన్న లోతులోనే అడ్డంగా చిల్లుల పైపులు. నీరు అన్ని వైపుల నుంచీ మెల్లగా చేరుతుంది కాబట్టి ఉప్పు పైకి రాదు. మేం అదే పెట్టించి స్ప్రింక్లర్లు నడుపుతున్నాం. అయినా మోటారు గంటో రెండు గంటలో వేసి ఆపేస్తాం, ఆశపడితే మళ్లీ మొదటికే.

చుట్టుపక్కల ఉప్పునీళ్లు నింపే రొయ్యల చెరువులుంటే మాత్రం ఆ నేల వదిలెయ్యండి, ఆ ఉప్పు మీ నీళ్లలోకీ ఇంకుతుంది. డిసెంబరులో నీళ్లు అందరికీ తియ్యగానే ఉంటాయి, మే నెలలో వెళ్లి రుచి చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఊళ్లో ఉండకుండా కౌలుకో కూలీలతోనో చేయిస్తారంటే ఈ నార్లు, కూరగాయలు మీ వల్ల కావు, సరుగుడు వేసుకోండి. మొదటి ఏడాది నీళ్లు పోస్తే చాలు, తర్వాత దాని మానాన అది పెరుగుతుంది, నాలుగైదేళ్లకు కోతకొస్తుంది.